అత్త దీపం కింద మిగిలినవి

మా మేనత్త పోయింది. దాజీ పేట్‌లో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగి, కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక కూడా ల్యాబు వదలని మనిషి. మీలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళుంటారు. కాలి పుండులో చేరిన బ్యాక్టీరియా ఆమెను తీసుకుపోయిందంటే మీకు నమ్మబుద్ధి కాదు. జీవితమంతా బ్యాక్టీరియాను తినే వైరసులనే పెంచిందావిడ.

వాటి కోసం కుంఠా నాకా మోరీలో సీసా ముంచేది. "టీచరమ్మా, గటారు నీళ్ళెందుకు?" అని బీడీలు చుట్టే ఆడవాళ్ళు అడిగితే, "నాక్కావాల్సినయి గిండ్లనే దొరుకుతయి" అనేది.

ఒకసారి నన్నూ ల్యాబుకు తీసుకుపోయింది. వైరసులున్న నీళ్ళను అతినీలలోహిత దీపం కింద పెట్టి, కిటికీలన్నీ మూసేసింది. మామూలు వెలుతురు తగిలితే, దెబ్బతిన్న వైరసును బ్యాక్టీరియాయే బాగుచేస్తుందట, తనను తినేదాన్నే.

"శానాసేపు పెడితే అన్నీ చస్తయా అత్తా?"

"శానమట్టుకు చస్తయి. మిగిలినవాట్ల కొన్ని మారుతయి. ఎటు మారుతయో మన చేతుల ఉండదు బిడ్డా."

నీలం నగర్‌లో నా మగ్గాలు అమ్ముకుని చిన్న దుకాణం పెట్టినప్పుడు అందరూ జాలిపడ్డారు. అత్త మాత్రం "నువ్వు మిగిలినవ్. గంతే చాలు" అంది. ఆ మాట పట్టుకునే నిలబడ్డాను.

అత్త షుగరు మనిషి. మడమ మీది పుండు ముదిరింది. దవాఖానలో మందులు మార్చి మార్చి చూశారు. ఏదీ పనిచేయలేదు.

"నీ వైరసులు పెట్టి చూడరాదా అత్తా?" అన్నాను.

"నా దగ్గరున్నయి దీన్ని తినయ్‌రా."

"లైటు కింద పెట్టి, తినేటట్టు మార్చరాదా?"

"అడిగినట్టు మారయి. వెతికే టైం కూడ నాకు లేదు." మళ్ళీ తనే, "మోరీ నీళ్ళు తీస్కపోయి మా పోరికియ్యి. చూడమను" అంది.

పోరి అంటే ఆమె ఆఖరి శిష్యురాలు. నీళ్ళు తెచ్చిచ్చాను. పుండులోంచి తీసిన బ్యాక్టీరియాను ఆ అమ్మాయి దవాఖానలో అడిగి తీసుకుంది. వైరసు దొరికినా, దాన్ని శుద్ధిచేసి మనిషికి ఎక్కించడం తన వల్ల కాదని ముందే చెప్పింది. ఇక నాకు చేయడానికేమీ లేకపోయింది. అత్త నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను. ఆ గుడ్డ ఆరకముందే ఒక మధ్యాహ్నం ఊపిరి ఆగింది.

దినాలు కాకముందే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, ఒకసారి వస్తరా?"

వెళితే మూత తీయకుండా ఒక గాజుపళ్ళెం నా చేతికిచ్చింది. లోపల అత్తను చంపిన బ్యాక్టీరియా తెల్లటి మసకపొరలా పెరిగి ఉంది. దానిలో అక్కడక్కడా గుండ్రటి ఖాళీలు.

"తింటున్నయన్నా" అంది.

పళ్ళేన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాను. పొర నీడ నా అరచేతి మీద పడింది, మధ్యమధ్య సన్నటి ఎండ చుక్కలతో.