ఆ ఆదివారం డిస్కు మీద రాసిన సున్నాలు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మోయగా మోయగా బరువు అలవాటైపోతుందని ఎక్కడో చదివాను. కాలేదు.

ఇది కాగితం మీద పెట్టడానికి కారణం ఒక్కటే. నా తప్పుకు సాక్ష్యం లేదు. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నేనే చెరిపేశాను. నేను చెప్పకపోతే యేసురత్నం చచ్చేదాకా దోషిగానే మిగిలిపోతాడు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆత్మకూరులో ఒక ఫోటో స్టూడియో. యజమాని మస్తానయ్య. పెళ్లి వీడియోలు తీసి, ఎడిట్ చేసి ఇచ్చేవాళ్లం. కెమెరా పని యేసురత్నానిది. కొండాపురం వైపు మనిషి, ఇద్దరు బిడ్డల తండ్రి. కంప్యూటర్లు నావి. నేను ఇంటర్ తప్పినవాణ్ణి. ఉదయగిరిలో గ్రంథాలయంలో కూర్చొని, నోటుపుస్తకంలో ఎత్తి రాసుకొని, విండోస్‌కు బదులు కంప్యూటరును నడిపే లినక్స్ నేర్చుకున్నాను. ఇంజనీరింగ్ చదివినవాళ్లకు రానిది నాకు వచ్చని గర్వం. ఎవరైనా ప్రశ్న అడిగితే, వాళ్లను చిన్నబుచ్చకుండా జవాబు చెప్పేవాణ్ణి కాదు.

స్టూడియోలో ఒకే కంపెనీవి, ఒకే సైజువి రెండు డిస్కులు ఉండేవి. ఒకదాంట్లో ఆరేళ్ల పెళ్లిళ్లు. రెండోది పాతది, ఖాళీ చేసి మళ్లీ వాడుకోవాల్సింది. లినక్స్ వాటిని ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని పిలుస్తుంది. నేను ఆ పేర్లు ప్లాస్టరు మీద రాసి, ఇళ్లకు నంబర్లు వేసినట్టు డిస్కులకు అంటించాను. శుక్రవారం శుక్రవారం మస్తానయ్య కెమెరాలతో పాటు వాటికీ పసుపూ కుంకుమా పెట్టేవాడు. అంతకుముందే యేసురత్నం అన్నిటినీ ఊడదీసి, దుమ్ము తుడిచి, మళ్లీ తగిలించేవాడు.

ఒకసారి వాడు అడిగాడు, తీగ మార్చి తగిలిస్తే ఆ పేర్లు మారవా అని. మారవని చెప్పి నలుగురిలో నవ్వాను. మారతాయి. మిషను లేచిన ప్రతిసారీ కొత్తగా పెట్టుకునే పేర్లవి. ఆ సంగతి నేను ఎత్తి రాసుకున్న పుస్తకంలోనే ఉంది. ఆ అధ్యాయం దాకా నేను చదవలేదు.

తొమ్మిదేళ్ల కిందట ఒక శుక్రవారం, పొద్దున ఎప్పటిలా డిస్కులు తుడిచి తగిలించి, మధ్యాహ్నం యేసురత్నం షూటింగుకు కలిగిరి పోయాడు. నేను పాత డిస్కును ఫార్మాట్ చేయడానికి, అంటే ఉన్నది తీసేసి కొత్త ఫైల్‌సిస్టమ్ వేయడానికి కూర్చున్నాను. ఎస్‌డీసీ అని కొట్టాను. ఇందులో ఇదివరకే ఒక ఫైల్‌సిస్టమ్ ఉంది, అయినా కానివ్వమంటావా అని అది అడిగింది. అడిగిందండీ. ఏ డిస్కులో ఏముందో చూసుకోవడానికి అర నిమిషం చాలు. ప్లాస్టరు మీద నా చేతిరాత ఉండగా చూడ్డమెందుకు? ఔనని నొక్కాను.

శనివారం ఒక పెళ్లివారు వీడియో కోసం వచ్చారు. డిస్కు తెరిస్తే ఏమీ లేదు. తగిలించడంలో తీగలు మారి పేర్లు తారుమారయ్యాయని, నేను ఫార్మాట్ చేసింది పెళ్లిళ్ల డిస్కునని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. ‘కింద పడేసి ఉంటాడు’ అన్నాను. ఎవరని మస్తానయ్య అడగనైనా అడగలేదు. మా ఇంటి పేరు ఏంది, యేసురత్నం ఏ పాలెం నుంచి వచ్చాడు, రెండూ ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకూ తెలుసు.

ఇక్కడిదాకా పొరపాటు, పిరికితనం అనుకోవచ్చు. ఆ తర్వాతిది కాదు.

ఫార్మాట్ చేస్తే అంతా పోదు. గ్రంథాలయంలో ఏ పుస్తకం ఎక్కడుందో చెప్పే కార్డుల పెట్టె తగలబెట్టినట్టు. పుస్తకాలు అల్మరాల్లోనే ఉంటాయి, ఓపికుంటే వెతికి తీయొచ్చు. నెల్లూరులో అలా తీసేవాళ్లు ఉన్నారని యేసురత్నమే కనుక్కొని వచ్చాడు. కానీ కొత్త ఫైల్‌సిస్టమ్ తాను పుట్టిన వేళను తనలోనే రాసుకుంటుంది. నెల్లూరులో తెరిస్తే శుక్రవారం మధ్యాహ్నం అని కనిపిస్తుంది. అప్పుడు మిషను ముందు ఉన్నది నేనొక్కణ్ణే.

అందుకని ముందు నేను చూస్తానన్నాను. ఆదివారం పొద్దున కూర్చొని, డిస్కు మొదటి నుంచి చివరిదాకా సున్నాలు రాయమని కంప్యూటరుకు చెప్పాను. అలా రాస్తే అల్మరాల్లో పుస్తకాలు కూడా మిగలవు. యేసురత్నం పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాడు. తెరమీద అంకెలు పెరుగుతున్నాయి. అవి తిరిగొస్తున్న పెళ్లిళ్లు అనుకున్నాడు.

“ఎంతయిందన్నా?”

“నూటికి నలభై పాళ్లు.”

“అన్నీ వస్తాయంటావా?”

“నోరు మూసుకోని కూర్చోరా. నువ్వు ఊరికే అడగతా ఉంటే వచ్చేది కూడా రాదు.”

“ఈ పొద్దు చర్చికి కూడా పోలేదన్నా. ఈడనే ప్రార్థన చేసుకుంటా.”

“నీ దేవుడికి లినక్స్ వచ్చంట్రా?”

“రాకపోతే నువ్వు నేర్పియ్యన్నా” అని నవ్వి, కళ్లు మూసుకున్నాడు.

నేను చూస్తూ కూర్చున్నాను. ఆపడానికి రెండు మీటలు చాలు. ఎందుకు ఆపలేదు? ఉద్యోగం పోతుందనా? కాదు. మస్తానయ్య తిట్టి ఊరుకునేవాడు. నేను నవ్విన ప్రశ్నే సరైన ప్రశ్న అని వాడికి తెలిసిపోతుందని. అంతే. అంత చిన్న కారణానికి ఆరేళ్ల పెళ్లిళ్లు, ఒక మనిషి బతుకు.

సాయంత్రానికి నూరు పాళ్లు అయింది. పోయినట్టేరా అన్నాను. వాడు ఏడ్చాడు. నేను భుజం తట్టాను.

మస్తానయ్య వాణ్ణి పనిలోంచి తీసేశాడు. పోయే ముందు ఇంటింటికీ వెళ్లి తప్పు ఒప్పుకొని రమ్మన్నాడు. వరికుంటపాడులో ఒక ఇంట్లో, పెళ్లయిన ఏడాదికే పెళ్లికూతురి తల్లి చనిపోయింది. మేమిచ్చిన డీవీడీ గీతలు పడి పాడైపోయింది, ఆమె నడుస్తూ, మాట్లాడుతూ ఉన్నది ఇక స్టూడియోలోని ఆ వీడియోలో మాత్రమే. ఆమె కొడుకులు యేసురత్నాన్ని వాకిట్లోనే కొట్టారు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఎవరూ వాడి చేతికి కెమెరా ఇవ్వలేదు. ఇప్పుడు ట్రాక్టరు తోలుతున్నాడు.

పోయిన నెల ఆత్మకూరు బస్టాండు దగ్గర కనిపించాడు. ట్రాక్టరు దిగి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. పక్కనున్న భార్యకు చెప్పాడు, నాకోసం ఆదివారమంతా కూర్చున్న అన్న ఈయనేనని. ఏముందిలే అన్నాను. నిజం చెప్పాల్సినచోట అప్పుడు కూడా ఆ మాటే అన్నాను.

ఫార్మాట్ చేసింది నేను. సున్నాలు రాసింది నేను. కింద పడేశాడని చెప్పింది నేను. ఇది రాసినందుకు నేను మంచివాణ్ణి కాను. ఊపిరి మాత్రం కొంచెం ఆడుతోంది.

నాకు సాయపడినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అడిగిన పుస్తకమల్లా ఇచ్చిన లైబ్రేరియన్ సులోచనమ్మ గారికి. ఏమీ అడగకుండా నన్ను నమ్మిన మస్తానయ్యకు. మొన్న ఇదంతా విని, రాసి యేసురత్నం చేతికే ఇయ్యమని చెప్పి, అప్పటినుంచి నాతో మాట్లాడని నా భార్య పద్మకు. తన మీద పడిన నిందను ఇంటింటికీ మోసిన యేసురత్నానికి.