పసుపు నీళ్లతో పోతుందన్నారు

రొయ్యల్లో మందు అవశేషాలు ఉన్నాయో లేదో చూడడం నా ఉద్యోగం. మా కోట ఊరి చుట్టుపక్కల చెరువుల్లోంచి వచ్చే సరుకు కంపెనీ ల్యాబ్‌లో నా చేతి మీదుగానే పోతుంది. జపాన్ వాళ్లు ఈ పరీక్షలు ఎలా చేస్తారో చూసి రమ్మని మేనేజరుగారితో పాటు నన్నూ పంపించారు. రెండేళ్లు నిండని కూతుర్ని అత్త దగ్గర వదిలి ఎగిరి గంతేసి బయలుదేరాను. ఆడవాళ్లు కంపెనీ ఖర్చుతో విమానం ఎక్కడం మా ఇంటావంటా లేదు మరి.

వెళ్లిన కొద్ది రోజులకే భూమి కదిలింది, సముద్రం ఊళ్ల మీద పడింది, ఆ వెంటనే అణు విద్యుత్ కేంద్రం పేలింది. మేమున్నది దానికి చాలా దూరం. అయినా కిటికీలు తెరవొద్దు, ఏసీ వేయొద్దు, వానలో తడవొద్దు అన్నారు హోటల్ వాళ్లు. ఆ గది మా వంటింట్లో సగం ఉంటుందేమో. టీవీలో గాలి ఎటు వీస్తోందో చూపించే బాణం గుర్తులను చూస్తూ అందులోనే కూర్చున్నాను. భాష రాకపోయినా బాణాలు బాగానే అర్థమయ్యేవి. మేనేజరుగారు పక్క గదిలోంచి ఫోన్ చేసి, "భయపడబాకమ్మా, మనకేం కాదులే" అనేవారు. నాకు ఒళ్లు మండేది. రైతులు కూడా నాతో ఇలాగే అంటారు, "మందేం వెయ్యలేదు మేడమ్" అని. ఆ మాట నమ్మి నేనెప్పుడూ సంతకం పెట్టలేదు.

విమానం టికెట్లు దొరకలేదు. చివరికి రైల్లో పడమటి కొసదాకా పోయి, అక్కణ్నుంచి ఓడలో కొరియా చేరాం. రేవులో మమ్మల్ని ఒక్కొక్కరినీ రేడియేషన్ పసిగట్టే గేటులోంచి నడిపించారు. అది మోగలేదు. మేనేజరుగారు ఆ గేటుకే దండం పెట్టారు. నాకు మాత్రం ఊరట కలగలేదు. మిషన్ దేన్ని వెతకమంటే దాన్నే వెతుకుతుందని నాకు తెలుసు. అక్కడా వానే. బిడ్డల్ని చంకనేసుకున్న తల్లులు గొడుగుల కింద ముడుచుకుని పరుగెడుతున్నారు. మాకు దొరికిన గదులకు అసలు కిటికీలే లేవు. ఫోన్లో పాప "అమ్మా, దా" అనడం వినడం, స్నానం మీద స్నానం చేయడం, ఇదే పని. ఒళ్లు తోమి తోమి చర్మం మంటపుట్టింది గానీ అనుమానం వదల్లేదు.

చెన్నైలో దిగి, సూళ్లూరుపేట మీదుగా కారులో ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. అత్త గడపకు అడ్డంగా నిలబడింది.

"ఆడనే ఉండు, లోపలికి రాబాకు. అంతమంది చచ్చిన చోటి నించి వస్తా ఉండావు."

మా వైపు చావింటికి పోయొస్తే, బయటే తల మీద నీళ్లు పోసుకుని, కట్టుగుడ్డలు తడిపితే గానీ ఇంట్లోకి రారు. రేడియేషన్ అని టీవీలో విన్నదాన్ని కూడా అత్త ఆ మైల కిందే జమకట్టేసింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పెరట్లో మోటారు దగ్గర కూర్చోబెట్టి పసుపు నీళ్లు చెంబులతో గుమ్మరించింది. సూట్‌కేసులోని గుడ్డలన్నీ తొట్టిలో ముంచింది, పాపకు తెచ్చిన దూది బొమ్మతో సహా. పాప వంటింటి కిటికీ ఊచలు పట్టుకుని గింజుకుంటోంది.

"అయిపోయింది తల్లీ, వచ్చేస్తున్నా" అంటూనే ఉన్నాను.

ఆఖరి చెంబు పోసి అత్త తలుపు గొళ్లెం తీసింది.

"అంతా పొయ్యింది, ఇంకేం లేదు. బిడ్డ నీకోసం ఒకటే ఏడస్తా ఉండాది. ఎత్తుకో."

పాప తడి నేల మీద జారుతూ, చేతులు చాచుకుని నా మీదికి పరుగెత్తుకొచ్చింది. ఆ రెండు గదుల్లోనూ నేను కలలు కన్నది దీని కోసమే.

"నన్ను తాకబాకు!" అని అరిచి వెనక్కి జరిగాను.

పాప ఆగిపోయింది. చాచిన చేతులు దించలేదు. ఏడవనూ లేదు, నన్ను పోల్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు చూసింది. అత్త వచ్చి దాన్ని ఎత్తుకుంది. తలుపు బార్లా తీసిపెట్టి లోపలికి పోయింది. నేను తడి గుడ్డలతో పెరట్లోనే నిలబడిపోయాను.