అక్కను మగ్గం మీంచి లేపాను

నాకు నోరెక్కువ. చిన్నప్పుడు మా అమ్మ అనేది, ఇప్పుడు మా ఆయన అంటాడు. మోకాళ్ల నొప్పులతో, నడుము పట్టేసి నా దగ్గరికి వచ్చినవాళ్లలో అననివాళ్లు తక్కువ. వనపర్తిలో ఫిజియోథెరపీ గది పెట్టుకుని పదకొండేళ్లయింది. బతిమాలి చేయించే ఓపిక నాకు లేదు, కసిరి చేయిస్తాను. వాళ్లు తిట్టుకుంటూ పోయి, కొన్నాళ్లకు చక్కగా నడుచుకుంటూ వచ్చి జామపండ్లో సీతాఫలాలో చేతిలో పెట్టేవాళ్లు. దాంతో నాకు తెలియంది లేదన్న ధీమా బాగా ఎక్కింది.

మూడేళ్ల కింద పట్నంలోని ఒక దవాఖాన వాళ్లు నాకు కొత్త పని అప్పగించారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని ఒక జబ్బుంది. నరాల మీది పొర దెబ్బతింటుంది. కాళ్లు బరువెక్కుతాయి, నడక తూలుతుంది, ఏ పనీ చేయకుండానే అలసట ముంచుకొస్తుంది, ఎండ తగిలితే ఇంకా ఎక్కువవుతుంది. అలాగని మంచానికి అంటుకుపోతే ఉన్న బలమూ పోతుంది. రోజూ ఎంతో కొంత కదలాలి. మా వైపు ఈ జబ్బు ఉన్నవాళ్లు ఎక్కడో ఒకరు, వాళ్లు కూడా మాటిమాటికీ పట్నం పోలేరు. అందుకని వారానికోసారి వీడియో కాల్‌లో మాట్లాడి వాళ్ల చేత కసరత్తు చేయించాలి. అడుగులు లెక్కపెట్టే పట్టీ ఒకటి మణికట్టుకు కట్టుకోమని దవాఖాన వాళ్లే ఇచ్చారు. ఆ లెక్క నా ఫోన్‌లో కనబడేది.

అలా పరిచయమైంది గద్వాల అక్క. నలభై దాటిన మనిషి. ఆమె, భర్త ఇద్దరూ చీరలు నేసేవాళ్లు, ఒకే గదిలో పక్కపక్కనే రెండు మగ్గాలు. మొదటి కాల్‌లోనే ఫారం ముందు పెట్టుకుని, "ఈ శిక్షణతోటి నీకేం గావాలె అక్కా?" అని అడిగాను.

"మగ్గం ఇడిసేటట్టు కావద్దు మేడం. గా మగ్గం ఒక్కటి నిలవెట్టుండ్రి, సాలు."

నేను ఫారంలో 'నడక మెరుగుపడాలి' అని రాసుకున్నాను. ఆమె అడిగింది ఒకటి, నేను రాసింది ఒకటి. అది కూడా నాకు తట్టలేదు. కాళ్ల జబ్బు వచ్చినవాళ్లకు నడక గాక ఇంకేం కావాలి? నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఎప్పుడు కాల్ చేసినా అక్క మగ్గం ముందే ఉండేది. ఫోన్‌ను మగ్గం కర్రకు ఆనించేది. నడుము నుంచి పైకి కనబడేది, ముందు సగం నేసిన చీర కనబడేది. చేతులు ఆడుతుండేవి, మనిషి మాత్రం కూర్చున్న చోటు నుంచి జరిగేది కాదు.

"ఇయ్యాల కసరత్తు ఏం జేసినవక్కా?"

"యాడిది మేడం! పొద్దుగాల కూసుంటి, గిప్పటిదాంక లేవలే."

పట్టీ లెక్క చూస్తే రోజంతా నాలుగు వందల అడుగులు కూడా లేవు. పగలంతా సున్నా. అదేమని అడిగితే, మగ్గంలో కూర్చునేటప్పుడు తీసి గూట్లో పెడుతున్నానంది.

"పట్టుపోగు తగులుకుంటది మేడం. ఒక్క పోగు తెగినా చీర ఖరాబైతది. గాజులే తీస్తం, ఇదెంత?"

నాకు ఒళ్లు మండింది. దవాఖాన వాళ్లు ఇచ్చింది గూట్లో పెట్టడానికా అని గట్టిగానే అన్నాను. ఆమె నవ్వేసింది. నీ కాళ్లు ఏం చేస్తున్నాయని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. అడిగినా ఆమె 'ఏం జేస్తలే' అనే చెప్పేదేమో. వాళ్ల ఇంట్లో నేత అంటే పని, కసరత్తు అంటే డాక్టర్లు చెప్పేది. ఆ రెండింటినీ ఒక గాటన కట్టాలని ఆమెకెందుకు తోస్తుంది? తోచాల్సింది నాకు.

నేను పుట్టింది తెలకపల్లి దగ్గర, పత్తి, మొక్కజొన్న వేసుకునే ఇంట్లో. మా ఇళ్లలో పనంటే నిలబడి, వంగి చేసేదే. కూర్చున్నారంటే పని అయిపోయినట్టు. గద్వాల చీర కట్టుకునే పెళ్లిపీటల మీద కూర్చున్నాను గానీ, దాన్ని నేసేవాళ్లు ఎలా కూర్చుంటారో ఏనాడూ చూసిన పాపాన పోలేదు. వనపర్తిలో బస్సెక్కితే గద్వాల ఎంత దూరం? పొద్దున పోయి మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావచ్చు. ఫోన్‌లో పని జరిగిపోతుంటే బస్సెందుకని పోలేదు.

రెండు నెలలు చూసి, ఒకరోజు తేల్చి చెప్పేశాను. "మగ్గం బంద్ జెయ్యి అక్కా. పొద్దంత గట్ల కూసుంటె కాళ్లు పనికిరాకుండ పోతయి. ఆర్నెల్లు నడువు, తర్వాత సూద్దాం."

అక్క వేళ్లతో పోగులు సవరిస్తూ ఉండిపోయింది. ఆమె భర్త ఫోన్ తీసుకున్నాడు. నెమ్మదస్తుడు, ఎదురు మాట్లాడే మనిషి కాదు. "మీరెట్లంటె గట్లనే మేడం. మాకేం తెల్వది," అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

రెండు వారాల తర్వాత కాల్ చేస్తే ఆయనే ఎత్తాడు. "జర సూడుండ్రి మేడం," అంటూ ఫోన్‌ను గది అంతా తిప్పి చూపించాడు. అక్క మగ్గం లేదు. దాని కర్రలు విప్పి గోడకు చేరగిల పెట్టారు. మగ్గం ఉన్నచోట కొత్త సిమెంటు గచ్చు, పక్క గోడ పొడుగునా పట్టుకోవడానికి వెదురు బొంగు.

"గుంట పూడ్సిన మేడం. నడిసేటప్పుడు అండ్ల పడ్తదేమోనని భయమాయె. ఇగ పరేషాన్ లేదు."

ఏం గుంట అని అడగలేదు. సామాను పెట్టుకునేదో మరోటో అనుకున్నాను. "శభాష్ అన్నా!" అని మెచ్చుకుని, ఆ గచ్చు ఫోటో తెప్పించుకుని నెల రిపోర్టుకు జతచేశాను. కుటుంబం సహకరిస్తే ఎలా ఉంటుందో చూడండని రాశాను. దవాఖాన వాళ్లు నన్ను మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను కూడా.

మొదట్లో అడుగుల లెక్క పెరిగింది. పట్టీ ఇప్పుడు పగలంతా చేతికే ఉండేది కదా. రెండో నెల నుంచి లెక్క తగ్గడం మొదలైంది. అప్పటికి ఎండలు ముదిరాయి. "కుడికాలు కట్టెలెక్క అయితుంది మేడం, వంగుతలేదు," అనేది. నేను రోజూ ఇంకో వంద అడుగులు వేయమనేదాన్ని. వేయలేదంటే బద్ధకం అనేదాన్ని. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. వానలు పడేనాటికి ఆమె వెదురు బొంగు పట్టుకుని గది ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికే ఆయాసపడుతోంది.

ఆ వానాకాలంలోనే ఇటిక్యాలలో చుట్టాలింటికి పోయి, వస్తూ గద్వాలలో దిగాను. చెప్పకుండానే పోయాను. అక్క గోడకు ఆనుకుని కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. ఆమె భర్త తన మగ్గంలో ఉన్నాడు. ఆయన నేల మీద కూర్చున్నాడనుకున్నాను. దగ్గరికి పోయి వంగి చూస్తే మోకాళ్ల కింద నేల లేదు. లోతైన గుంట. ఆయన రెండు కాళ్లూ అందులోకి దిగి ఉన్నాయి. కింద ఉన్న కర్రలను ఒక కాలు తర్వాత ఒక కాలితో తొక్కుతున్నాడు. తొక్కినప్పుడల్లా మడమ నుంచి తొడ దాకా కండ కదులుతోంది. పైన మనిషి మాత్రం కదలకుండా కూర్చునే ఉన్నాడు.

"అక్క గూడ గిట్లనే తొక్కుతుండెనా?" అని అడిగాను. 

"తొక్కకుంటె పోగు యాడ విచ్చుకుంటది మేడం? పొద్దుగాల కెల్లి మాపటిదాంక తొక్కుతుండె. ఎండకాలం గూడ గుంటల సల్లగుంటది, ఆమెకు గదే పానం," అంటూ ఆయన పైకి లేచి, చాయ్ తెస్తానని లోపలికి పోయాడు.

తర్వాత పట్నంలో డాక్టరుగారిని అడిగాను. కొందరిలో ఈ జబ్బు అలాగే ముదురుతుంది, ఏ ఒక్కదాని వల్లనని చెప్పలేం అన్నారు. ఆయన నిజమే చెప్పి ఉంటారు. కానీ ఎండ వేడికి దూరంగా, పడిపోయే భయం లేకుండా, రోజంతా ఆ కాళ్లు ఆడిన చోటు ఒక్కటే. అందులోంచి ఆమెను లేపింది నేను.

ఆ రోజు గద్వాలలో, ఆయన చాయ్ తెచ్చేలోపు అక్క పక్కన కూలబడి చెప్పేశాను. "అక్కా, తప్పు నాదే. నీ కాళ్లకు కావల్సిన కసరత్తు గా గుంటలనే ఉండె. నేను సూడలే."

ఆమె చేతిలో కండె ఆపింది. ఆశ్చర్యపోలేదు. "నాకెరుకే మేడం. మగ్గం దిగిన నెలకే సమజైంది. తొక్కినన్ని దినాలు కాలు గింత బిగుసుకోలే."

"మరి నాకెందుకు జెప్పలేదు?" ఆ స్థితిలో కూడా ఆమెనే కసిరాను.

"జెప్దామనుకునేటాళ్లకు ఆయన సిమెంటేసె. రెండు దినాలు తట్టలతోటి మన్ను మోసిండు, నేను నడువనీకె జాగా గావాల్నని." వంటగది వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయనకు జెప్పకుండ్రి మేడం. దాన్ని తన చేతులతోటే పూడ్సిన్ననుకుంటె మల్ల మగ్గంల కూసోలేడు."

"మల్ల తవ్విద్దాం అక్కా."

"దిగుత గని, ఎక్కనీకె ఇద్దరు లేపాలె. వద్దు," అంది. కళ్లు తుడుచుకోవడానికి నేను అటు తిరిగాను.

ఆయన చాయ్ తెచ్చాడు. నాకు గ్లాసు అందిస్తూ గచ్చు వైపు చూపించాడు. "ఎట్లుంది మేడం నేను జేసిన జాగా? మీరు జెప్పకుంటె ఇంక గా గుంటల్నే కూసుంటుండె."

అక్క నా ముఖంలోకే చూస్తోంది.

"మంచిగ జేసినవన్నా," అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. అక్క చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తన మగ్గం ఉన్నచోట నున్నటి గచ్చు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.