మైకు వెయ్యని వంట

మా నాన్న తెలుగు ఊరు వదిలి ఈ హిందీ రాష్ట్రానికొచ్చి, ముప్పయ్యేళ్లకు పైగా ఇక్కడి స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేశారు. ఆ మోతకి చెవులు రెండూ పోయాయి. అక్కడ పక్కనే నిలబడి అరిచినా వినపడదు కాబట్టి మనుషులు ఒకరి పెదాలు చూసి ఒకరు మాట పట్టేస్తారట. నాన్న ఆ విద్యను ఇంటికి కూడా తెచ్చుకున్నారు. ప్లాంటు వాళ్లిచ్చిన సెక్టర్ 6 క్వార్టర్లో ఉన్న రోజుల్లో ఎదురింటి వరండాలో మొగుడూ పెళ్లాలు దేనికి దెబ్బలాడుకుంటున్నారో కిటికీ దగ్గర కూర్చుని మాకు చెప్పేవారు. అందుకే ఆయన్ని ఏమైనా అనాలంటే అమ్మ పొయ్యి వైపు తిరిగిపోయి అనుకునేది. ఏమిటంటున్నావని ఆయన అడిగితే, ఏటీ లేదనేది. నలభై ఏళ్లు ఆ వీపు వెనక తనకి తిట్లే పడుతున్నాయని నాన్న గట్టి నమ్మకం.

నాన్న రిటైరయ్యాక టౌన్‌షిప్ బయట కోహ్కాలో ఇల్లు కట్టుకున్నాం. అక్కడే నేను అమ్మ వంటలు వీడియోలు తియ్యడం మొదలుపెట్టాను. ఇక్కడ పుట్టిన మా పిల్లలకి హిందీ వచ్చినంత తెలుగు రాదు, కూరలో ఆవ పెట్టడం అంటే ఏమిటో అసలే తెలీదు. వాళ్ల కోసమని పెట్టుకున్న పని అది. చూసేదంతా చుట్టాలే అయినా అమ్మ మాత్రం ఇస్త్రీ చీర కట్టుకునే కెమెరా ముందు నిలబడేది.

చివరగా తీసింది పనసపొట్టు కూర. పొయ్యి వెనక కిటికీ గూట్లో కెమెరా పెట్టి, అమ్మ ముఖం బాగా కనబడేలా సర్ది, ఇక కానివ్వమన్నాను. అంతలో ఆఫీసు నుంచి ఫోనొస్తే వరండాలోకి వెళ్లిపోయాను. కెమెరాకి తగిలించిన మైకు స్విచ్ వెయ్యడం మరిచిపోయానని మర్నాడు చూస్తే గానీ తెలియలేదు. వంటంతా మూగగా ఉంది. మళ్లీ తీద్దాంలే అంది అమ్మ. రెండు వారాలకి గుండె ఆగి వెళ్లిపోయింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ ఏడాదంతా అది నా మీదే.

సంవత్సరీకం దగ్గర పడుతుండగా ఆలోచన తట్టింది. అమ్మ ఏం చెప్పిందో పెదాలు చూసి నాన్న చెబుతారు, నేను కింద అక్షరాలు వేస్తాను. కెమెరా తెర అగ్గిపెట్టంత, దాంట్లో పెదాలు కనబడవు. కంప్యూటర్లో పెడితే వీడియో ఆగి ఆగి నడిచింది. నాన్న రెండు మాటలు పట్టుకునేసరికి అమ్మ నోరు తెరిచి బిగుసుకుపోయేది, మళ్లీ కదిలేసరికి నాలుగు మాటలు దాటిపోయేవి. చిన్న సైజు కాపీ చేసి చూశాను. అది ఆగకుండా నడిచింది గానీ ముఖం మసకబారిపోయింది. నాన్న కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"కళ్లు కూడా పోతన్నాయేటమ్మా?"

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. మీ కళ్లు కాదు నాన్నా, కంప్యూటర్ ముసలిదైపోయిందని చెప్పాను. నమ్మినట్టు లేదు.

మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే దీదీ ఉంది. ఆవిడకి ఫోన్ చేసి, వీడియో అటక్ రహా హై దీదీ, ఆగి ఆగి నడుస్తోందని హిందీలో మొర పెట్టుకుంటుంటే, నా పెదాలు చూస్తున్న నాన్న తలెత్తి పైకి చూసి, "అటక మీదేటుంది?" అన్నారు. అమ్మ పోయాక మా ఇంట్లో నవ్వడం అదే మొదలు.

ఆదివారం పొద్దున్నే దీదీ గాజులు తీసి బల్ల మీద పెట్టి కంప్యూటర్ డబ్బా విప్పింది. కొత్తది కొనేస్తానని నేను ఎగిరితే, దీని ఒళ్లు బాగానే ఉంది, లోపల నాలుగు మార్చాలంతే అని చెప్పింది. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టింది. ర్యామ్ నాలుగింతలు చేసింది, గ్రాఫిక్స్ కార్డు వేసింది, ఇన్నేళ్ల దుమ్ము ఊదింది. నాన్న ప్లగ్గు పీకి, ఆ వైరు చుట్టి ఒళ్లో పెట్టుకు కూర్చున్నారు. మెషిన్లో మనిషి చెయ్యి ఉండగా కరెంటు ఎవరూ వెయ్యకుండా చూడాలి, అది మిల్లు పద్ధతి. అయిపోయిందని దీదీ చేత రెండుసార్లు అనిపించుకున్నాకే వైరు ఇచ్చారు.

వీడియో పెడితే తెర మీద అమ్మ కదిలింది. ఎక్కడా ఆగలేదు. నాన్న ముందుకు వంగి, మిల్లులో మీటరు చదివినట్టు ఒక్కో మాటా అప్పజెబుతుంటే నేను టైపు చేశాను. పొట్టు ఉడికింది, నీరు పిండాలి, ఆవ ఆఖర్న కలపాలి, ముందు కలిపితే చేదెక్కిపోద్ది. వీడియోలో అమ్మ వెనకాల గుమ్మం దగ్గర నాన్నే నిలబడి ఉన్నారు. అమ్మ ఓరగా అటు చూసి, కెమెరా వైపు వంగింది.

నాన్న చదివారు. "మీ నాన్న ఎనకాలే ఉన్నారు. మొదటి ముద్ద ఆయన తిని తలూపితేగానీ నాకు గొంతు దిగదు. ఈ మాట ఆయనకి సెప్పకే, నెత్తినెక్కి కూకుంటారు."

చదివేశాక గానీ ఆ మాట తన గురించేనని ఆయనకి అర్థం కాలేదు. మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ, ఇంకోసారి. దీదీకి తెలుగు రాదు, అయినా గాజులు వేసుకోకుండా అలాగే నిలబడిపోయింది.

ఆ రోజు నా మీద నాకు కోపం పోయింది. మైకు వేసి ఉంటే ఆ మాట ముందు నేనే వినేదాన్ని, అమ్మ చెప్పొద్దంది గనక కత్తిరించి దాచేసేదాన్ని, నాన్న తిట్లే అనుకుంటూ ఉండిపోయేవారు. ఆయనకి ఆ చూపు నేర్పిన మిల్లుకీ, చెత్తలో పారెయ్యబోయిన కంప్యూటర్ని నిలబెట్టిన దీదీకీ నేను చాలా రుణపడ్డాను.

నేను ఆ ముక్క టైపు చెయ్యబోతుంటే నాన్న నా చెయ్యి పట్టుకున్నారు.

"అది రాయకమ్మా. నాకు సెప్పొద్దన్నాది కదా."

రాయలేదు. ఇప్పటికీ ఆ వీడియోలో అక్కడ అక్షరాలుండవు, అమ్మ పెదాలు మాత్రమే కదులుతాయి. ఇక్కడ రాస్తున్నానంటే, అమ్మ నాన్నకి చెప్పొద్దంది గానీ మీకు చెప్పొద్దనలేదు.