నా ఎడమ, బర్రె ఎడమ

వెటర్నరీ ఆఖరి ఏడాది ఏన్కూరు వైపు ఓ పశువుల ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. ఓ మధ్యాహ్నం డాక్టరుగారు టీకాలు వేయడానికి అడవి ఊళ్లకు వెళ్లారు. అప్పుడే ఒకావిడ, పచ్చి పెసర చేను మేసి పొట్ట ఉబ్బిన బర్రెను తోలుకొచ్చింది. డాక్టరుగారి ఫోను కలవలేదు. బర్రె నాలుక బయటపెట్టి తూలుతోంది.

"జల్దీ ఏదన్న చెయ్యి బిడ్డా, కండ్లు తేలేస్తాంది!" అని ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

గాలి తీసే లావు సూది ఎడమ డొక్కలో గుచ్చాలి. పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో! తల వైపు దానికి ఎదురుగా నిలబడి, నా ఎడమ వైపున్న డొక్కకు సూది ఆనించాను. డప్పులా బిగిసి ఉండాల్సింది మెత్తగా తగిలింది. అది బర్రెకు కుడి! బర్రె వెనక్కి పరుగెత్తి, దాని అసలు ఎడమ చూసుకుని గుచ్చాను. బుస్సుమంటూ గాలి నా మొహాన కొట్టింది. ఆ కంపును గుండెల నిండా పీల్చుకున్నాను.

ఇప్పటికీ ఏ పశువుకైనా మొదట వెనకే నిలబడతాను; అక్కడైతే నా ఎడమా దాని ఎడమా ఒకటే. "తంతది మేడం!" అని రైతులు అరుస్తారు. తన్నితే తన్ననీ.