మామ కంప్యూటర్‌కు మాట పోయినప్పుడు

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల సందున, మేడ మీద రూములో కూచోని నేను చేసే పనేందో మా ఇంట్లోవాళ్లకు ఇప్పటికీ తెలీదు. ఎవరో రాసి ఊరికే పంచిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను, జనం ఒక్క నొక్కుతో దించుకునేట్టు ప్యాకేజీ కట్టి పెడతా. జీతం లేదు, సెలవూ లేదు. ట్యూషన్లు చెప్పుకొని బతుకుతాండా.

వాటిల్లో ఒకటి, తెర మీదుండేది పైకి చదివి వినిపించే ప్రోగ్రాం. మా అమ్మ తమ్ముడు జమ్మలమడుగులో ఇంగ్లీషు పంతులు. ఆయనకు చూపు లేదు. పాఠాలు, హాజరు, మార్కులు అన్నీ ఆ ప్రోగ్రాంతోనే.

నేను కొత్త ల్యాప్‌టాప్ కొన్నాక, దాంట్లోనే ఆ ప్రోగ్రాంకు కొత్త ప్యాకేజీ కట్టి వదిలినా. మర్నాడే మామ ఫోను.

"అల్లుడా, ఏంది కథ? నువ్విచ్చింది వేసుకున్నాక నా మిషన్ నోరు తెరవడంలా. సోమవారం బడిలో తనిఖీ ఉంది. సొంతంగా చేసుకోలేడని తెలిస్తే నన్ను తీసకపోయి స్టోర్‌రూములో కూచోబెడతారు."

బస్సెక్కి పోయి చూస్తే నిజమే. ప్యాకేజీ కట్టే టూల్‌కు గొంతు లైబ్రరీ, అంటే అక్షరాల్ని మాటగా పలికించే భాగం, తప్పనిసరి కాదు. కట్టే మిషన్‌లో అది ఉంటే కలుపుకుంటాది, లేకుంటే కిక్కురుమనకుండా వదిలేసి, అయిపోయిందంటాది. నా పాత ల్యాప్‌టాప్‌లో ఆ లైబ్రరీ ఎప్పుడో వేసుంటి, కొత్తదాంట్లో లేదు. చూపు లేనోళ్ల ప్రోగ్రాంలో గొంతు తప్పనిసరి కాదంట! ఎవని బుర్రలో పుట్టిందో ఈ తెలివి!

కోపంతో గొంతును తప్పనిసరి చేసి, ప్యాకేజీ మళ్ళ కట్టి అందరికీ వదిలినా. మామ మిషన్ మాట్లాడింది. ఆయన మొగం చూసి నాకు పానం లేచొచ్చింది.

ఇంటికొచ్చేసరికి ఇంటర్నెట్‌లో ఆ ప్రోగ్రాం పేజీ నిండా తిట్లు. బ్రెయిలీ చుక్కల్ని వేళ్లతో తడిమి చదువుకునేవాళ్లకు గొంతుతో పనిలేదు. వాళ్ల చిన్న మిషన్లలో ఆ లైబ్రరీ పట్టదు, అది లేకుంటే ఇప్పుడు ప్రోగ్రామే రాదు. వాళ్లూ చూపు లేనోళ్లే గదా, ఏమని తిరగబడేది? గొంతుతో ఒకటి, గొంతు లేకుండా ఒకటి, రెండు ప్యాకేజీలు కట్టమన్నారు. కట్టేదెవరు? నేనొక్కణ్ణే. మార్పొచ్చినప్పుడల్లా రెండూ. బోన్లో పడినట్టయింది. నా వల్ల కాదు, ఈ పని ఎవరన్నా తీసుకోండని ఆ పేజీలోనే ఇంగ్లీషులో రాసి ల్యాప్‌టాప్ మూసేసినా. ఒక్కరూ ముందుకు రాలే.

సోమవారం సాయంత్రం మామ ఫోన్ చేసినాడు.

"తనిఖీ ఏమైంది మామా?"

"బాగా జరిగింది. నీకు నలుగురిలో థాంక్స్ చెబుదామని ఆ పేజీ తెరిచినా. మిషన్ మొత్తం చదివి వినిపించింది." "చివరిది నువ్వు రాసిందేనా, అల్లుడా?"

"ఔను మామా."

"దానికి బాధా కోపం తెలీదు గదా, హాజరు పిలిచినట్టు చదివేసింది. నువ్వు పోతే మళ్ళ ఎవరుండారు?"

"ఎవరూ లేరు మామా."

ఉండమని ఆయన అనలేదు. అట్లన్నా అనింటే ఎదురు మాట్లాడేవాణ్ణి. ఫోన్ పెట్టేసి, నేను రాసింది తీసేసి, రెండో ప్యాకేజీ మొదలుపెట్టినా.