ఖాళీగా వదిలింది మస్తాన్ గారు కాదు

ఆరేళ్ళుగా లోపల బరువుగా ఉండిపోయిన సంగతి మీకు చెబుతున్నాను. ఆ రోజు తప్పు చేసింది నేను. తెలిశాక దాన్ని ఇంకొకరి మీదికి నెట్టింది కూడా నేనే.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చిన్న ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఒక కాలేజీ హాస్టల్ విద్యార్థుల వివరాలు నా పని. ఒక్కొక్కరికి ఒక రికార్డు. అందులో పేరు, చిరునామా, ఆరోగ్యం. ఆరోగ్యం అన్న భాగంలో మళ్ళీ రక్తం గ్రూపు, పడని మందులు వగైరా. ఆ ఏడాది ఎత్తూ బరువూ కొత్తగా కొలిచి పంపారు. పాత రికార్డునీ కొత్తదాన్నీ కలపడానికి ఒక్క లైను రాశాను. రెండింటిలోనూ ఒకే పేరున్న భాగం ఉంటే కొత్తదే నిలుస్తుంది. అది నాకు తెలుసు. కానీ ఆ భాగం లోపల ఉన్నవి వాటంతటవే కలిసిపోతాయనుకున్నాను. కలవవు. కొత్త ఆరోగ్యం పాతదాన్ని మొత్తంగా తుడిచేసింది. ఎత్తూ బరువూ మిగిలాయి, పడని మందులు పోయాయి. నాలుగు రికార్డులు తెరిచి చూసి ఉంటే తెలిసేది. చూడకుండా భోజనానికి వెళ్ళిపోయాను.

చల్లపల్లి నుంచి వచ్చిన ఒక అమ్మాయికి సల్ఫా మందులు పడవు. ఒళ్ళు తెలియని జ్వరంలో ఉంది. హాస్టల్ డాక్టరు రికార్డు చూశారు. పడనివేవీ కనబడలేదు. ఆ మందే రాశారు. ఒళ్ళంతా బొబ్బలెక్కి ఆ పిల్ల పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉంది. బతికింది. బతికిందని రాసి ఊపిరి పీల్చుకునే హక్కు నాకుందా?

మా ఆఫీసు మేనేజరు అందరినీ పిలిచారు. ఫారాలు చూసి కంప్యూటర్లో ఎక్కించే మస్తాన్ వలీ గారు నిలబడ్డారు.

"నేను ఎక్కించానండీ. ఆ అమ్మాయి వాళ్ళ నాన్నగారు పక్కనే ఉండి రెండుసార్లు చదివించుకున్నారు."

"ఎక్కిస్తే ఉండాలి కదా మస్తాన్ గారూ," అన్నాను. "ఖాళీగా వదిలేసి ఉంటారు. కళ్ళజోడు మార్చండి మార్చండి అంటే వినరు."

ఎవరో నవ్వారు. ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని దానివంకే చూశారు.

ఆ పొద్దునే నేను నా లైను చూసుకున్నాను. తెలిసే అన్నాను. భయం వల్లనా? ఆ భయం గంటసేపటిది. మరి తర్వాతి ఆరేళ్ళని ఏమనాలి? వారం తిరక్కుండా ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. నేను లోపలి భాగాలు కూడా కలిసేలా నా లైను మార్చి, చిన్న సవరణ అని రాసుకుని ఊరుకున్నాను.

పోయిన నెల కాలేజీకి ఉత్తరం రాశాను, పాత లైనుతో సహా. మేనేజరుకీ, ఆ అమ్మాయి నాన్నగారికీ తలొక కాపీ పంపాను. జవాబులు రాలేదు. తర్వాత మస్తాన్ గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. గుమ్మంలోనే చెప్పేశాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మొదట్లో ఎక్కించాననే గుర్తుండేది సార్. రానురాను నేనే వదిలేశానేమో అనిపించింది. ఇప్పుడు జిరాక్స్ షాపులో టైపు చేస్తున్నా. ఏ కాగితమైనా మూడుసార్లు చూసుకోందే ఇవ్వను." లోపలివైపు చూసి అన్నారు. "మా ఆవిడ కూడా నేనే వదిలేశాననుకుంటోంది. లోపలికొచ్చి తనకి చెప్పండి."

చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. ఆమె కూర్చోమనలేదు. నిలబడే, మొదటినుంచీ అంతా చెప్పాను.